నిప్పట్లున్నాయి, ఇన్సులిన్ ఏదమ్మా?

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. నాకు యాభై ఎనిమిదేళ్లు, మావారికి అరవై మూడు. ఆయనకు షుగరు, రెండుపూటలా ఇన్సులిన్ వేసుకుంటారు. మా అబ్బాయి సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే నెల మమ్మల్ని పిలిపించుకొని, అక్కడ్నుంచి పెనాంగ్, ఫుకెట్ చూపించే నాలుగు రాత్రుల క్రూయిజ్‌కు తీసుకుపోతానని టికెట్లు కూడా కొనేసినాడు. నేను సర్దుకోవాల్సినవి రాసి పెట్టుకున్నాను: చిన్న ఇండక్షన్ స్టవ్వు, కరెంటు కెటిల్, ఇస్త్రీపెట్టె, రెండు కేజీల బియ్యం, కందిపొడి, చెనక్కాయ పొడి, మాగాయ, నిప్పట్లు, దీపం కుందులు, అగరొత్తులు, పది పట్టుచీరలు. మేము శాకాహారులం. మా కోడలేమో ఫోన్లో నవ్వి, "ఇవన్నీ వద్దత్తా, స్విమ్మింగ్ డ్రెస్ తెచ్చుకోండి చాలు" అంటుంది. ఇంకో మాట. తిరుమల బస్సెక్కితేనే నాకు వాంతులు. సముద్రం మీద నాలుగు రోజులు ఎట్ల వేగాలో తెలియడం లేదు. ఏమేం సర్దుకోవాలో చెప్పండి.
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీ జాబితాలో నిప్పట్లున్నాయి, కుందులున్నాయి, పది పట్టుచీరలున్నాయి. మీవారి ఇన్సులిన్ మాత్రం లేదు. అది ఎటూ మర్చిపోం కదా, రాసుకోవడమెందుకు అనుకొని ఉంటారు. బయల్దేరే తొందరలో ఇంట్లో ఫ్రిజ్‌లో ఉండిపోయేది సరిగ్గా అట్లాంటి వస్తువే. అందుకని మీ జాబితాను మళ్లీ మొదట్నుంచి రాద్దాం. ఓడ కదిలాక ఎంత డబ్బిచ్చినా దొరకనిది ఏదో అది పైన రాయండి. ఓడవాళ్లు ఎటూ ఇచ్చేవీ, లోపలికి రానివ్వనివీ కొట్టేయండి. మీరు రాసినవాటిలో చాలా వరకు ఈ కొట్టేసేవాటిలోనే పడతాయి.

ముందు రానివ్వనివి. ఇండక్షన్ స్టవ్వు, కెటిల్, ఇస్త్రీపెట్టె, రైస్ కుక్కర్, నీళ్లలో ముంచే కాయిల్ - వేడి పుట్టించే సామాను ఏదీ గదిలోకి పనికిరాదు. నడిసముద్రంలో మంట లేస్తే ఫైరింజను రాదు, జనం పరుగెత్తడానికి వీధి లేదు. తుపానుకన్నా ఓడ సిబ్బంది ఎక్కువ భయపడేది నిప్పుకే. కుందులు, వత్తులు, అగరొత్తులు, కర్పూరం కూడా ఈ కారణంగానే వద్దంటారు.

ఎక్కేటప్పుడు ప్రతి పెట్టెనూ స్కానర్‌లో పంపుతారు. ఇస్త్రీపెట్టె కనబడిందంటే ఆ సూట్‌కేసు మీ గదికి రాదు. అందరి సామానూ తలుపుల ముందు చేరుతుంటే మీది సెక్యూరిటీవాళ్ల దగ్గర ఆగిపోతుంది. మీరు వెతుక్కుంటూ పోయి, వాళ్ల ఎదుట తాళం తీసి, ఆ వస్తువు అప్పగించి, చీటీ తీసుకొని రావాలి. అక్కడి బల్ల మీద ఇస్త్రీపెట్టెలు, కెటిళ్లు, వైర్లు చుట్టిన ఎక్స్‌టెన్షన్ బాక్సులు ఒక్కోదానికీ గది నెంబరు అంటించి పేర్చి ఉంటే పాతసామాన్ల అంగడిలో నిలబడ్డట్టే ఉంటుంది. దిగే రోజు తిరిగిచ్చేస్తారులెండి. కానీ మొదటి రాత్రి భోజనానికి కట్టుకోవాల్సిన చీర ఆ పెట్టెలోనే ఉంటుంది కదా, బాధ అక్కడ.

ఎక్స్‌టెన్షన్ బాక్సు మీ జాబితాలో లేదు గానీ మీ అబ్బాయి పెడతాడేమో, చెప్పండి. ఓడలో కరెంటు వైరింగ్ ఇంట్లో ఉన్నట్టు ఉండదు. సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా పెరిగితే సామాను కాలిపోకుండా కాపాడేది) ఉన్న బాక్సు అక్కడ వేడెక్కి అంటుకునే ప్రమాదముంది. కొన్ని కంపెనీలు సర్జ్ ఉన్నా లేకున్నా బాక్సులనే వద్దంటున్నాయి. గదుల్లో మామూలుగా రెండు రకాల ప్లగ్గులుంటాయి: అమెరికావాళ్ల చదును పిన్నులవి, యూరప్‌వాళ్ల గుండ్రటి రెండు పిన్నులవి. మన ఫోన్ ఛార్జరు గుండ్రటి రెండు పిన్నులదైతే రెండోదాంట్లో పట్టేస్తుంది. మూడు పిన్నులదైతే పట్టదు. సింగపూర్ ఇళ్లలో ప్లగ్గులు ఇంకో రకం, చదునుగా మూడు పిన్నులు. కాబట్టి ఒక యూనివర్సల్ అడాప్టర్, రెండు మూడు యూఎస్‌బీ రంధ్రాలున్న ఛార్జరు ఒకటి ఉంటే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. పవర్ బ్యాంక్ విమానంలో చేతిసంచిలోనే ఉండాలి, చెకిన్ పెట్టెలో పెట్టనివ్వరు.

పూజ సంగతి. దీపం వెలిగించడానికి వీల్లేదు గనక బ్యాటరీ దీపం ఒకటి పెట్టుకోండి. ఓడ గదుల గోడలు చాలావరకు ఇనుప రేకులే, అయస్కాంతం టక్కున అతుక్కుంటుంది. తిరుమలలో అంగళ్ల ముందు వేలాడదీసి అమ్మే స్వామివారి ఫ్రిజ్ మ్యాగ్నెట్ ఒకటి పట్టుకుపోతే అద్దం పక్కన అంటించుకొని దండం పెట్టుకోవచ్చు. అట్లాగే అయస్కాంతం కొక్కేలు నాలుగు కొనండి. ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతాయి. గది ఇరుకు, పెట్టుకోవడానికి చోటు తక్కువ. సంచి, టోపీ, తువ్వాలు, శాలువా అన్నీ గోడకు ఎక్కించేయొచ్చు. నన్నడిగితే క్రూయిజ్ కోసం ప్రత్యేకంగా కొనదగ్గ వస్తువు ఇదొక్కటే. క్రూయిజ్ సామానని పేరు పెట్టి అమ్మేవాటిలో మిగతావాటికి డబ్బు దండగ.

ఇక జాబితాలో పైన రాయాల్సినవి. సూట్‌కేసులను రేవులోనే తీసేసుకుంటారు. అవి గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు, ఒక్కోసారి రాత్రి భోజనాలయ్యాక కూడా కావచ్చు. అప్పటిదాకా మీ దగ్గరుండేది భుజాన ఉన్న చేతిసంచి. అందులో పాస్‌పోర్టులు, బోర్డింగ్ కాగితాలు, మందులన్నీ, కళ్లజోళ్లు, ఇద్దరికీ ఒక్కో జత బట్టలు, ఛార్జరు, ఒక శాలువా ఉండాలి. సూట్‌కేసు మర్నాడు వచ్చినా మీకు ఇబ్బంది లేకుండా ఆ సంచి సర్దుకోండి.

ఇన్సులిన్‌ను విమానం చెకిన్ పెట్టెలో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. కింద సామాను అరలో చల్లదనానికి గడ్డకట్టే ప్రమాదముంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగి చూడ్డానికి మామూలుగా కనబడినా వాడకూడదు. పెన్నులు, సూదులు, గ్లూకోమీటరు, స్ట్రిప్పులు చిన్న కూలింగ్ పౌచ్‌లో పెట్టి, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో ఉంచుకోండి. ఆ చీటీలో కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా ఇంగ్లీషులో రాయించుకోండి. మన మందుల షాపులో చెప్పే బ్రాండు పేరు సింగపూర్‌లో ఎవరికీ తెలియకపోవచ్చు. ఎన్ని రోజులు ఉంటారో అన్ని రోజులకు లెక్కగట్టి తీసుకుపోవద్దు. కనీసం ఇంకో వారానికి సరిపడా ఎక్కువ పెట్టి, సగం ఆయన సంచిలో, సగం మీ సంచిలో ఉంచండి. ఓడ గదిలో ఉండే చిన్న ఫ్రిజ్ కొన్నిచోట్ల పేరుకే ఫ్రిజ్, పానీయాలు కాస్త చల్లబరుస్తుందంతే. ఎక్కగానే మీ గది చూసుకునే స్టివార్డ్‌కు ఇన్సులిన్ ఉందని చెప్పండి. సరైన ఫ్రిజ్ ఏర్పాటు చేస్తారు, లేదంటే ఓడలోని ఆస్పత్రిలో పెడతారు. వాడిన సూదులు వేయడానికి డబ్బా కూడా ఆ స్టివార్డ్‌నే అడగండి, చెత్తబుట్టలో వేయకండి. నిద్రమాత్రలు, కొడీన్ ఉన్న దగ్గుమందు, ట్రమడాల్ లాంటి నొప్పిమాత్రలు ఎవరైనా వాడుతుంటే సింగపూర్‌కు తీసుకుపోవడానికి ముందే అక్కడి అనుమతి కావాల్సి రావొచ్చు. ఆ సంగతి మీ అబ్బాయిని ఇప్పుడే కనుక్కోమనండి.

ఇంకొకటి, ఇది మీ డాక్టర్ని తప్పకుండా అడగండి. ఇన్సులిన్ వేసుకున్నాక కడుపులో తిప్పి తిండి సయించకపోతే ఎట్ల? వాంతి అయితే మోతాదు ఎంత? షుగరు పడిపోవడం ఊళ్లో కన్నా ఓడలో ఎక్కువ కంగారు పెడుతుంది. ఆయన జేబులో గ్లూకోజు బిళ్లలు ఎప్పుడూ ఉండాలి, ముఖ్యంగా రేవులో దిగి ఎండలో తిరిగేటప్పుడు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు షుగరు ఉందన్న సంగతి దాచొద్దు. దాస్తే అవసరం పడ్డప్పుడు క్లెయిమ్ ఇవ్వరు. పాలసీలో క్రూయిజ్ కూడా కలిసి ఉందో లేదో చూసుకోండి. ఓడ డాక్టరు ఫీజు మన ప్రైవేటు ఆస్పత్రి బిల్లు చూసినవాళ్లను కూడా బెదరగొడుతుంది.

ఇప్పుడు మీ వాంతుల సంగతికి వస్తా. సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్ పోయే దారి చాలావరకు మలక్కా జలసంధిలో సాగుతుంది. ఒకపక్క సుమత్రా, ఇంకోపక్క మలేషియా నేల అడ్డు ఉండడంతో అక్కడ సముద్రం మామూలుగా నెమ్మదిగానే ఉంటుంది. పైగా పెద్ద ఓడలకు ఊగకుండా పట్టే రెక్కలు నీటి అడుగున ఉంటాయి. ఘాట్ రోడ్డులో కడుపు తిప్పేది మలుపు మీద మలుపు రావడంవల్ల. చెవి లోపలి బ్యాలెన్స్ ఒకటి చెబుతుంది, ముందు సీటు వీపు చూస్తున్న కన్ను ఇంకోటి చెబుతుంది. ఓడలో ఆ మలుపులు లేవు. అయినా మీకు అలవాటుంది గనక మందు దగ్గరుంచుకోవడమే మేలు.

బస్సు ప్రయాణానికని మన మందుల షాపుల్లో ఇచ్చే అవోమిన్‌లో ఉండేది ప్రోమెథజిన్. స్టుజెరాన్‌లో సిన్నరిజిన్ ఉంటుంది. ఇవి కాక మెక్లిజిన్, డైమెన్‌హైడ్రినేట్ అనేవి ఉన్నాయి. అన్నిటిదీ ఒకటే పద్ధతి, తిప్పడం మొదలు కాకముందే వేసుకోవాలి. వాంతి అయ్యాక మాత్ర మింగితే అది కూడా బయటికే వస్తుంది. అన్నీ కొద్దో గొప్పో మత్తు తెస్తాయి. కళ్లలో నీటికాసులు ఉన్నవాళ్లు, మగవాళ్లలో ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లు డాక్టరుకు చెప్పకుండా వాడకూడదు, కాబట్టి మీ మాత్ర మీవారికి ఇవ్వొద్దు. ప్రయాణం ముందు ఎటూ స్వామి దర్శనానికి పోతారు కదా, ఆ రోజు డాక్టరు చెప్పిన మాత్ర వేసుకొని బస్సెక్కండి. పైకి పోయేటప్పుడు కన్నా కిందికి దిగే పాత ఘాట్‌లో మలుపులు గట్టిగా ఉంటాయి, అసలు పరీక్ష అక్కడే. ఆ మాత్ర మీకు పనిచేస్తుందా, ఎంతసేపు కళ్లు మూతలు పడతాయి అన్నది అలిపిరి చేరేసరికి తెలిసిపోతుంది. ఓడలో తిప్పినట్టనిపిస్తే గదిలో పడుకొని ఫోను చూడొద్దు. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. అక్కడికి పోయి, కిటికీలోంచి దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ కూర్చోండి. సీలు వేసిన అల్లం మురబ్బా ప్యాకెట్టు ఒకటి సంచిలో వేసుకోండి. మీకే సుమా, మీవారికి చూపించొద్దు.

తిండి దగ్గరికొస్తే బియ్యం వద్దే వద్దు, వండే వీలే లేనప్పుడు ఎందుకు? ఇంట్లో చేసిన వంటకాలను చాలా కంపెనీలు ఓడలోకి అనుమతించవు. కంపెనీ సీలున్న పొడులు, బిస్కెట్లు చిన్న ప్యాకెట్లు కొన్నైతే సాధారణంగా అభ్యంతరం ఉండదు. కాబట్టి మీ చెనక్కాయ పొడి, నిప్పట్లు, మాగాయ సింగపూర్ ఇంటికి పట్టుకుపోయి మీ అబ్బాయికి పెట్టండి. వాడు ఎదురుచూసేది వాటికే. మాగాయ మాత్రం రెండు కవర్లు గట్టిగా చుట్టి చెకిన్ పెట్టెలోనే పెట్టాలి, నూనె పచ్చడి చేతిసంచిలో ఉంటే విమానాశ్రయంలో తీసేస్తారు. ఎండుకొబ్బరి చిప్పలు చెకిన్‌లో పెట్టొద్దు. నూనె ఎక్కువుండి మండే గుణముందని 2022లో దాన్ని నిషేధించారు. గసగసాలు గానీ, గసగసాలు వేసిన మసాలా పొడి గానీ అసలే వద్దు. సింగపూర్ చట్టంలో అవి నిషేధం కింద ఉన్నాయి, అక్కడ మత్తుమందుల చట్టంతో ఆటలు ఉండవు. చూయింగ్ గమ్, గుట్కా, ఖైనీలు కూడా అక్కడికి తీసుకుపోకూడదు. పక్కింటివాళ్లు మీ చేతికి వాళ్లబ్బాయికి ఇమ్మని చికెన్ పచ్చడి డబ్బా ఇస్తే మొహమాటపడకుండా వద్దనండి, మన దేశపు మాంసం పచ్చళ్లను అక్కడ రానివ్వరు.

ఓడలో మీరేం తింటారనే భయం వద్దు. సింగపూర్ నుంచి పోయే ఓడల్లో మనవాళ్లు చాలామంది ఎక్కుతారు, శాకాహారం దొరుకుతుంది. అయితే మీరు శాకాహారులని, చేప, గుడ్డు కూడా తినరని మీ అబ్బాయి ముందుగానే కంపెనీకి రాసి పెట్టాలి. ఎక్కాక వడ్డించేవాళ్లతో చెప్పడం కన్నా అది నయం. కెటిల్ బదులు అర లీటరు స్టీల్ ఫ్లాస్కు పట్టుకుపోండి. భోజనశాలలో కాఫీ, టీలు పెట్టే చోట వేడినీళ్లుంటాయి, నింపుకోవచ్చు. రేవులో దిగేటప్పుడు ఓడలోని పండ్లు, తిండి సంచిలో వేసుకొని పోవద్దు. కొన్ని దేశాల్లో అరటిపండుకు కూడా జరిమానా కట్టాల్సి వస్తుంది.

ఇది రాయడానికి కొందరికి సిగ్గు గానీ, నిజంగా పనికొచ్చే మాట. మన అలవాటుకు బాత్రూములో చిన్న మగ్గు కావాలి, చాలా ఓడల్లో నీళ్ల ఏర్పాటు ఉండదు, కాగితమే. మడిచిపెట్టే సిలికాన్ మగ్గులు దొరుకుతాయి, ఒకటి కొనుక్కోండి. అది లేకుంటే మూతకు రంధ్రాలున్న ప్లాస్టిక్ సీసా అయినా చాలు. ఓడల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ బెడద ఉంది. దానికి శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బు పెట్టి నీళ్లతో కడుక్కోవాల్సిందే. బుడ్డి శానిటైజర్ ఉంది కదా అని భోజనం ముందు చేతులు కడుక్కోవడం మానొద్దు.

చీరలు పది ఎందుకమ్మా? ఇస్త్రీ లేదు, బీరువా సగం మనిషంత కూడా ఉండదు. ఒక రాత్రి అందరూ బాగా తయారై భోజనానికి వస్తారు, దానికొక పట్టుచీర, సరే ఇంకొకటి. మీవారు పట్టుపంచె కట్టుకున్నా నిండుగా ఉంటుంది. మిగతా రోజులకు నలగని క్రేప్, జార్జెట్ చీరలో, చుడీదార్లో పెట్టుకోండి. పైఅంతస్తులో గాలి మామూలుగా ఉండదు, పిన్నులు మరిచిపోవద్దు. లోపల ఏసీ అంతకంతా చలి, అందుకే శాలువా చేతిసంచిలో అన్నాను. బాల్కనీ కటకటాలకు తడిబట్టలు ఆరేయకండి. స్నానాలగదిలో చాలాచోట్ల గోడలోంచి లాగే తాడు ఉంటుంది, దాని మీద వేసుకోండి.

మీ కోడలు చెప్పినదాంట్లో సగం నిజముంది. ఈతకొలను, వేడినీళ్ల తొట్టిలోకి చీరతోనో కాటన్ నైటీతోనో దిగనివ్వరు. నిండు చేతులు, మోకాళ్ల కింది దాకా ఉండే ఈత బట్టలు మన తిరుపతి స్పోర్ట్స్ షాపుల్లోనూ దొరుకుతాయి. దిగే ఆశ ఉంటే కొనుక్కోండి. లేకుంటే అవసరం లేదు, కుర్చీలో కూర్చొని చూసినా టికెట్టు డబ్బులు గిట్టుబాటవుతాయి.

చెప్పులు వెనక పట్టీ ఉన్నవి, జారనివి కావాలి. ఫుకెట్‌లో చాలా ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరేసి, చిన్న పడవల్లో దింపుతాయి. ఊగే పడవలోకి అడుగు వేయాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కాబట్టి చేతిసంచి వీపుకు తగిలించుకునేదైతే మంచిది. అక్కడే ఇంకో చిక్కుంది. థాయ్‌లాండ్ గడియారం సింగపూర్ గడియారం కన్నా ఒక గంట వెనక. ఓడ సింగపూర్ టైములోనే నడుస్తుంటే, మీ ఫోను థాయ్ నెట్‌వర్క్ పట్టి మూడని చూపించేసరికి ఓడలో నాలుగవుతుంది. ఇంకా గంట ఉందిలే అని బజారులో తిరిగితే ఓడ వెళ్లిపోతుంది, ఎవరి కోసమూ ఆగదు. మీవారి పాత చేతిగడియారం తీసుకుపోయి, ఎక్కగానే ఓడ టైముకు తిప్పి, దిగేదాకా అట్లాగే ఉంచుకోండి. ఇన్సులిన్ వేళలకు కూడా అదే ఆధారం. ఫోనును ఎక్కిన వెంటనే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. నడిసముద్రంలో ఓడ సొంత టవరుకు తగిలితే నిమిషాల లెక్కన బిల్లు పడుతుంది, మీ రోమింగ్ ప్యాక్ సాధారణంగా దానికి వర్తించదు.

ఓడలో డబ్బు చేత్తో ఇచ్చే పని లేదు. గది కార్డే అన్నిటికీ, దానికి మీ అబ్బాయి క్రెడిట్ కార్డు కలుపుతాడు. డెబిట్ కార్డు ఇవ్వొద్దనండి, ముందుగా కొంత డబ్బు పట్టి ఉంచి, వదలడానికి రోజులు తీస్తారు. గది కార్డు మెడలో వేసుకోవడానికి స్కూలు ఐడీ కార్డు తాడు ఒకటి ఇంట్లో ఎక్కడో ఉండే ఉంటుంది.

కాగితాల్లో ఒక్క విషయం మీ అబ్బాయికి గుర్తు చేయండి. మీరు సింగపూర్‌లోకి ఒకసారి విమానంలో, మరోసారి ఓడ దిగి, రెండుసార్లు ప్రవేశిస్తారు. వీసా రెండు ప్రవేశాలకూ చెల్లేదై ఉండాలి. చేరడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపే సింగపూర్ అరైవల్ కార్డు కూడా రెండుసార్లూ నింపాలి. అది ఉచితం, డబ్బు కట్టమనే వెబ్‌సైట్ల జోలికి పోవద్దు. పాస్‌పోర్టు గడువు ఆరు నెలలకు తగ్గకూడదు. కొన్ని ఓడల్లో పాస్‌పోర్టులు వాళ్లే తీసి ఉంచుకుంటారు, జిరాక్సులు దగ్గర పెట్టుకోండి.

చివరి రాత్రి సూట్‌కేసులు తలుపు బయట పెట్టేయమంటారు, మర్నాడు రేవులోనే కనబడతాయి. సర్దే ఊపులో మర్నాటి చీర, జాకెట్టు, చెప్పులు కూడా పెట్టేసి పంపేసేవాళ్లుంటారు. పొద్దున ఇన్సులిన్, పాస్‌పోర్టు, పళ్లసెట్టు ఉంటే పళ్లసెట్టు, కట్టుకోవాల్సిన బట్టలు, ఇవన్నీ పక్కన పెట్టాకే ఆ పెట్టె జిప్పు వేయండి.